మేడారానికి ఒక్క సంచి

ప్రియమైన పిల్లలకు,

ఈసారి సమ్మక్క సారలమ్మ జాతరకు ఇంటిల్లిపాదీ పోతున్నాం. మొన్న మా చిన్న మనవరాలు మంచం నిండా బట్టలు పరిచి నడుమ కూర్చుంది. "తాతా, నాలుగు రోజులకు నాలుగు జతలు, రాత్రికి రెండు, చలికి స్వెట్టరు, మళ్లీ నా బొమ్మల పుస్తకాలు. నువ్వేమో మనిషికి ఒక్క సంచే అంటున్నవు. ఎట్ల పడతయి?" అని అడిగింది. ఆమెకు చెప్పిందే మీకూ రాస్తున్నాను. మీరూ జాతరకో, స్కూలు టూరుకో, సెలవుల్లో అమ్మమ్మ ఇంటికో పోయేవాళ్లే కదా.

సంచి సర్దడం అంటే నాకు ఎడ్లబండి సర్దడమే. చిన్నప్పుడు పరకాల దగ్గరి మా ఊరి నుంచి మేడారానికి బండ్లు కట్టుకుని పోయేవాళ్లం. ములుగు దాటి, పస్రా దాటి, తాడ్వాయి అడవిలో పడేదాకా ఒకదాని వెనుక ఒకటి బండ్లే. మా బండిలో ఎడ్లకు గడ్డి, మాకు బియ్యం, వంట గిన్నెలు, అమ్మవార్లకు బెల్లం, వాటి మీద మేము. అంతా ఎక్కించాక, ఎడ్లను కట్టేముందు బాపు బండి ముందుకు వచ్చి కాడిని, అంటే ఎడ్ల మెడల మీద ఉండే అడ్డకర్రను, రెండు చేతులతో కొంచెం ఎత్తి చూసేవాడు. తేలిగ్గా లేచిందంటే బరువు వెనక్కి పడ్డట్టు. అట్లనే తోలితే కాడి పైకి లేస్తూ, మెడ కింది తాడు ఎడ్ల గొంతుకు బిగుస్తుంది. ఎత్తబోతే లేవనే లేదంటే బరువు ముందుకు వచ్చినట్టు, అప్పుడు మెడలు పుండ్లు పడతాయి. "బియ్యం మూట జర ఇరుసు మీదికి జరుపు" అని మా చిన్నాయనకు చెప్పేవాడు. ఇరుసు అంటే రెండు చక్రాలనూ కలిపే కడ్డీ. మూట జానెడు జరిగేది. బాపు మళ్లీ ఎత్తి చూసి తల ఊపేవాడు. బండిలోంచి ఒక్క గింజ కూడా తీయలేదు, అయినా ఎడ్లకు సగం శ్రమ తగ్గిపోయేది.

మీ వీపు మీది సంచి కూడా అంతే. నడుము ఇరుసు, భుజాలు కాడి, కాళ్లు చక్రాలు. నీళ్ల సీసానో పుస్తకాలో వీపుకు దూరంగా బయటి అరలో పెట్టారనుకోండి, సంచి మిమ్మల్ని వెనక్కి గుంజుతుంది. పడిపోకుండా మీరు ముందుకు వంగుతారు. వంగి వంగి నడిస్తే గంటలో మెడ పట్టేస్తుంది. బరువైనవి వీపుకు ఆనుకుని, నడుముకు కాస్త పైన ఉండాలి. బట్టలలాంటి తేలికవి అడుగునా బయటి వైపునా. పట్టీలు బిగించి సంచిని వీపుకు అతికినట్టు కట్టుకోండి. నడుముకు కట్టే పట్టీ ఉంటే అది తప్పకుండా కట్టండి, భుజాల మీది బరువు చాలావరకు నడుముకు దిగిపోతుంది, అంటే ఇరుసు మీదికి వచ్చేస్తుంది. ఒక్క భుజానికే వేలాడేసుకోవడం ఒంటి ఎద్దుతో జోడెడ్ల బండి తోలడమే. చక్రానికి ఇనుప పట్టా ఎంత ముఖ్యమో మీకు చెప్పులు అంత ముఖ్యం. జాతర కోసమని కొత్తవి కొనుక్కుని ఆ రోజే తొడుక్కోవద్దు, కాళ్లకు అలవాటైనవే వేసుకోండి. ఇక ఇరుసుకు కందెన పెట్టకపోతే బండి కిర్రుమంటుంది. మనిషికి ఆ కందెన ముందురోజు రాత్రి కంటినిండా నిద్ర.

ఎంత బరువు మోయొచ్చు? మన దేశంలో 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ, పిల్లల సంచి వాళ్ల ఒంటి బరువులో పదో వంతు దాటొద్దని చెప్పింది. 30 కిలోల పిల్లకు 3 కిలోలు. లీటరు నీళ్లే ఒక కిలో, అంటే సీసా ఒక్కటే మూడో వంతు తినేసింది! రైలు స్లీపర్‌లో పెద్దవాళ్లకు 40 కిలోల దాకా డబ్బు కట్టకుండా తీసుకుపోవచ్చు. రైలు మోస్తుంది సరే, కాజీపేట స్టేషనులో మెట్లెక్కి దిగేటప్పుడు మోసేది మనమే. విమానంలో వెంట ఉంచుకునే సంచి చాలావాటిలో 7 కిలోలే. పెద్దవాళ్లకు కూడా అదే మంచి లెక్క అని నా నమ్మకం.

ఇప్పుడు బట్టలు. ఒంటి మీద ఒకటి, సంచిలో ఒకటి, దండెం మీద ఒకటి. నాలుగు రోజులైనా నలభై రోజులైనా ఈ మూడు జతలే తిరుగుతుంటాయి. పల్చటివి తీసుకోండి. జీన్స్ ప్యాంటు తడిస్తే మర్నాటికీ ఆరదు, పైగా రాయంత బరువు. ఉతికిన చొక్కాను గట్టిగా పిండాక, పొడి తువ్వాలలో పెట్టి చాపలా చుట్టి, రెండు వైపులా పట్టుకుని మెలిపెట్టండి. తువ్వాల ఆ తడిని తాగేస్తుంది, రాత్రి ఆరేసిన చొక్కా పొద్దునకు తొడుక్కోవచ్చు. మాఘమాసంలో అడవి పగలు వెచ్చగా ఉంటుంది, రాత్రి వణికిస్తుంది. ఒక్క మందపాటి స్వెట్టరు కంటే రెండు పల్చటి చొక్కాలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే, నడుమ చిక్కుకున్న గాలే చలిని ఆపుతుంది.

మా తాతకు ఇవేవీ అక్కర్లేదు, ఆయనకు గొంగడి ఉండేది. నల్లగొర్రె ఉన్నితో, గొర్రెలు కాసే కురుమలు నేసింది. నేసేటప్పుడు పోగుకు చింతగింజల గంజి పట్టిస్తారు, అందుకే కొత్త గొంగడి బిరుసుగా నిలబడుతుంది. వానొస్తే తల మీదుగా మడిచి కప్పుకునేవాడు, చినుకులు పైపైనే జారిపోయేవి. రాత్రి అదే పరుపు, అదే దుప్పటి. తడిస్తే గొర్రెల మంద వాసన వచ్చేది, అయినా ఆ తడి గొంగడిలోనే మేము వెచ్చగా పడుకునేవాళ్లం. పొద్దున దాన్ని భుజాన వేసుకుంటే సామాను సర్దడం అయిపోయినట్టే. మీరు సంచిలో ఏది పెట్టబోయినా ఇది ఎన్ని పనులకు వస్తుందని అడగండి. ఒక్క పనికే వచ్చేదైతే కాసేపు పక్కన పెట్టి ఆలోచించండి.

అక్కడ దొరికేది ఇక్కడి నుంచి మోయొద్దు. మేడారంలో బెల్లాన్ని బంగారం అంటారు, మనిషి బరువుకు సరితూగేంత తూచి మొక్కు చెల్లిస్తారు. మా మనవరాలికీ ఆ మొక్కు ఉంది. 30 కిలోల బంగారం హనుమకొండ నుంచి బస్సులో ఎందుకు? జాతరలోనే కొంటాం. ఒడిబియ్యం, పసుపు కుంకుమ మాత్రం ఇంటి నుంచే. వచ్చేటప్పుడు ప్రసాదం బంగారానికి సంచిలో చోటు ఉండాలి, కాబట్టి పోయేటప్పుడే కొంత ఖాళీ వదలండి.

ఇంతసేపూ నా మనసులో ఉన్న మాట ఇది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెల మీదికి, అంటే అమ్మవార్లను నిలిపే అరుగుల మీదికి వస్తారు. అంతకుముందే జనమంతా జంపన్న వాగులో స్నానాలు చేస్తారు. సామాను ఎక్కువుంటే ఒడ్డున ఎవరో ఒకరు కాపలా ఉండాలి. మా ఇంట్లో ప్రతిసారీ అమ్మే ఉండేది. మేమంతా నీళ్లలో కేరింతలు కొట్టి వచ్చేదాకా మూటల మధ్య కూర్చుని మా వైపు చూస్తూ ఉండేది. ఆ తర్వాత గబగబా రెండు చెంబులు పోసుకుని వచ్చేసేది. మనం తెచ్చిన ప్రతి అదనపు మూటకూ ఎవరో ఒకరు ఇట్లా కాపలా కూర్చుంటారు, పిల్లలూ. ఎవరి సంచి వాళ్ల వీపు మీద ఉంటే, ఒకరు అందరివీ పట్టుకుని కాసేపు నిలబడొచ్చు, మళ్లీ ఇంకొకరు, అందరికీ వాగు దక్కుతుంది. లక్షల మంది తొక్కిసలాడే చోట రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే ఒకదాంతో తమ్ముణ్ణి, ఇంకోదాంతో నానమ్మను పట్టుకోగలరు.

ఇక రాయడం చాలు, రెండు పనులు చేయండి. మొదటిది, మీ స్కూలు సంచిలో బరువైన పుస్తకాలు బయటి వైపు పెట్టి మీ ఇంటి మెట్లు ఎక్కి దిగండి. తర్వాత అవే పుస్తకాలు వీపు వైపు మార్చి మళ్లీ ఎక్కండి. రెండోది, అమ్మానాన్నలతో ఒక సాయంత్రం హనుమకొండ బస్టాండుకు వెళ్లి ఒక బల్ల మీద కూర్చోండి. పల్లెల నుంచి వచ్చే అవ్వలు తల మీద బియ్యం మూట, చంకలో పసిపిల్ల, బస్సు మెట్టు చేయి పట్టకుండా ఎక్కేస్తారు. మెడ కదలదు, మూట కదలదు. ఆ నడక మాటల్లో చెప్తే తేలిపోతుంది, కళ్లతో చూడాల్సిందే. వాళ్ల పాదాలు చూడండి, నడుము చూడండి, తల మీద మూట కింద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు చూడండి. చూసింది చూసినట్టు నాకు ఉత్తరం రాయండి.

ప్రేమతో,
మీ తాత