ముఖం చుట్టూ గీత ఆఖరున

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఎవరి బొమ్మయినా వేయాలంటే మీరు ముందు "కదలకుండా కూర్చో" అంటారు. చైనాలో 14వ శతాబ్దపు చిత్రకారుడు వాంగ్ యి ఆ పని చెయ్యొద్దన్నాడు. బిగదీసుకొని కూర్చున్నవాడు మట్టిబొమ్మలా ఉంటాడు. మాట్లాడుతూ, నవ్వుతూ ఉన్నప్పుడే అసలు మనిషి బయటపడతాడు. అప్పుడు గమనించి మనసులో పెట్టుకోవాలి, కళ్ళు మూసుకున్నా ఎదురుగా కనబడేదాకా కుంచె ముట్టకూడదు.

ఇక వరుస. పలచని సిరాతో ముందు ముక్కుపుటాలు, తర్వాత ముక్కుకొన. అది కుదిరాక దాన్నే ఆధారంగా పెట్టుకొని ముక్కు కింది పల్లం, నోరు, కంటిగుంటలు, కళ్ళు, కనుబొమలు, నుదురు, చెంపలు, చెవులు, జుట్టు. ముఖం చుట్టూ గీత అన్నిటికంటే ఆఖరున! మీరేమో ముందే సున్నా చుట్టి, కళ్ళూ ముక్కూ అందులో ఇరికిస్తారు. చోటు చాలక నుదురు కుంచించుకుపోతుంది, దాంతో పోలిక కూడా పోతుంది.

1363 నాటి యాంగ్ జూషీ అనే పండితుడి బొమ్మలో మనిషిని వాంగ్ యి వేస్తే, పక్కనున్న పైన్ చెట్టునూ రాయినీ ని జాన్ వేశాడు. ని జాన్ స్వయంగా గొప్ప పండిత చిత్రకారుడు. ముఖం ఒకరిది, పరిసరం ఇంకొకరిది కావడం అక్కడ మామూలే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జెంగ్ జింగ్ అనే చైనా చిత్రకారుడు 1616లో వేసిన వాంగ్ షీమిన్ బొమ్మ. తర్వాతి కాలంలో ప్రకృతి చిత్రకారుల్లో పెద్దగా పేరుపడ్డ వాంగ్ షీమిన్‌కి అప్పటికి పాతికేళ్ళు, పుట్టగానే ఒక ఏడుగా లెక్కపెట్టే చైనా లెక్కలో. చాప మీద కూర్చొని చేత్తో వింజామర పట్టుకున్నాడు. బట్టలకి నాలుగు గీతలు, వెనక ఏమీ లేదు. చూపంతా ముఖం మీదికే పోతుంది. దగ్గరగా చూస్తే ముక్కు పక్కన, కంటిగుంటల్లో నీడ మెత్తగా కలిసిపోయి ఉంటుంది, ఎక్కడ మొదలైందో తెలియదు.

ఆ మెత్తదనం ఒక్క పూతతో రాదు. జెంగ్ జింగ్ ముందు సిరాతో ఎత్తుపల్లాలు తేల్చి, దాని మీద నీళ్ళలాంటి రంగు పదుల పూతలు వేసేవాడు. ప్రతి పూతా పూర్తిగా ఆరాలి. తడి మీద తడి పెడితే కింది పూత లేచి ముఖం మురికిగా మారుతుంది. తొందరపడి చిక్కటి రంగు పూస్తే కింది సిరా కప్పుకుపోయి ముఖం ముసుగు వేసినట్టుంటుంది.

ఇన్ని పూతలు తట్టుకోవాలంటే బొమ్మ వేసే పట్టు బట్టకి ముందే జిగురు, పటిక కలిపిన నీళ్ళు పట్టించాలి. వేసవిలో 7 పాళ్ళ జిగురుకి 3 పాళ్ళ పటిక, చలికాలంలో 10కి 3. ఈ పూత పలచనైతే రంగు పట్టులోకి ఇంకి, అంచులు పాకిపోతాయి. పటిక ఎక్కువైతే కుంచె సాగదు.

ఈసారి సెలవుల్లో ముక్కుతో మొదలుపెట్టి ఒక బొమ్మ వేసి పంపండి.

మీ తాతయ్య