విదేశీ అప్పు: నల్గొండ, పాలమూరు వైపు నుంచి చూస్తే

దేశానికి ఇంత అప్పుంది, తలకు ఇంత పడుతుంది అనే లెక్క ఎన్నికలొచ్చినప్పుడల్లా వాట్సాప్‌లో తిరుగుతుంది. కూడిక, భాగహారం సరిగ్గానే ఉంటాయి గానీ దాంతో తెలిసేది ఏమీ లేదు. 2025 మార్చి చివరికి భారతదేశపు విదేశీ అప్పు సుమారు 73,600 కోట్ల డాలర్లు, జీడీపీలో 19 శాతం. ఇందులో ప్రభుత్వాల బాకీ నాలుగో వంతు కూడా లేదు. మిగిలింది కంపెనీలు, బ్యాంకులు తెచ్చుకున్నది, ప్రవాసులు దాచుకున్నది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న నల్గొండ పిల్లాడు ఇంటి ఖర్చుకని అమ్మకు పంపే పైసలు అప్పు కిందికి రావు. అవే పైసలు క్లాక్ టవర్ దగ్గర ఏ బ్యాంకులోనో ఎన్నారై డిపాజిట్ చేస్తే దేశపు విదేశీ అప్పులో కలుస్తాయి. కాబట్టి ఎవరు తీసుకున్నారు, ఏ కరెన్సీలో, ఎన్నాళ్లకు, ఎంత మిత్తికి అని అడగాలి. ఈ నాలుగింటికీ జవాబులు డెబ్బై ఏళ్లలో చాలా మారాయి.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనం బాకీ పడ్డవాళ్లం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో మన సరుకు, సేవలు వాడుకున్నందుకు బ్రిటనే మనకు వంద కోట్ల పౌండ్లకు పైగా బాకీ ఉంది. రెండో పంచవర్ష ప్రణాళికకు యంత్రాలు దిగుమతి చేసుకునేసరికి ఆ పౌండ్ల నిల్వలు కరిగిపోయాయి. 1957లో విదేశీ మారకానికి కటకట వచ్చింది. మరుసటి ఏడాది ప్రపంచ బ్యాంకు, అప్పిచ్చే దేశాలన్నిటినీ కూర్చోబెట్టి ‘ఎయిడ్ ఇండియా కన్సార్షియం’ పెట్టింది. అప్పటికి నందికొండ దగ్గర నాగార్జునసాగర్ పని మొదలైంది. నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. 124 మీటర్ల ఆ డ్యామును కాంక్రీటుతో కాకుండా రాతితో కట్టారు. రాతి కట్టడానికి యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ కావాలి. డాలర్లకు కరువై, కూలీలకు కొదవ లేని దేశానికి అది కుదిరింది.

ఆ కాలపు అప్పులు చాలావరకు ప్రభుత్వాల మధ్య అప్పులు: గడువు ఎక్కువ, మిత్తి తక్కువ, షరతులు మాత్రం ఉంటాయి. 1966 జూన్ 6న డాలరు విలువను 4.76 రూపాయల నుంచి 7.50కి పెంచింది అప్పిచ్చేవాళ్ల ఒత్తిడి మీదనే. తక్కువ మిత్తి కదా అని నిమ్మళంగా ఉండటానికీ లేదు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, ఈగలపెంట దగ్గర భూగర్భంలో ఉన్న శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రాన్నే చూడండి. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు. దానికి 1980ల చివరి నుంచి జపాన్ అప్పిచ్చింది, యెన్లలో. 1988లో ఒక యెన్ 11 పైసల దగ్గర ఉండేది. 1995కి సుమారు 34 పైసలైంది. మిత్తి ఒక్క పైసా పెరగకుండానే, యెన్లలో ఉన్న బాకీ రూపాయల్లో మూడింతలైంది. అప్పట్లో ఆ భారం కేంద్రం మీద పడేది, రాష్ట్రానికి రూపాయల లెక్కే. దీని సంగతి చివర్లో.

1980లలో అప్పు రకమే మారింది. విదేశీ బ్యాంకుల నుంచి వ్యాపార రుణాలు, ఎన్నారై డిపాజిట్లు, ఏడాది లోపు తీర్చాల్సిన బాకీలు పెరిగాయి. 1991 మార్చికి మొత్తం 8,380 కోట్ల డాలర్లు. ఈనాటి అంకె ముందు అది ఏపాటిది? కానీ బయటి నుంచి వచ్చే ప్రతి 100 డాలర్లలో 35 వాయిదాలకు, మిత్తికే పోయేవి. స్వల్పకాలిక అప్పు, చేతిలో ఉన్న నిల్వలకు దాదాపు ఒకటిన్నర రెట్లు. అది పొద్దున ఇచ్చి సాయంత్రం అడిగే చేబదులు లాంటిది. కువైట్ యుద్ధంతో చమురు ధర ఎగబాకింది, డిపాజిటర్లు డబ్బు వెనక్కి తీసుకున్నారు. 1991 మేలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు పోయింది. జులైలో మరో 47 టన్నులు కుదువబెట్టి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర 40 కోట్ల డాలర్లు తెచ్చారు. మన తెలంగాణ మనిషి పి.వి. నరసింహారావు ప్రధాని అయిన తొలి రోజులవి. జులై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు.

ఈ కష్టంలో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) ఇచ్చిన అప్పుతో పాటు సబ్సిడీల కోత వచ్చింది. ఆ జులై బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచుతామన్నారు, గొడవయ్యాక 30కి దిగారు. 1992 ఆగస్టులో ఫాస్ఫేట్, పొటాష్ ఎరువులపై ధరల నియంత్రణ ఎత్తేశారు. సాగర్ ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి వేసే రైతు డీఏపీ అనే ఫాస్ఫేట్ ఎరువు బస్తా దగ్గర ఆ దెబ్బ తిన్నాడు. విదేశీ అప్పు సంక్షోభం అంటే బంగారం విమానం ఎక్కిన కథ ఒక్కటే చెప్పుకుంటాం గానీ, డీఏపీ కథ కూడా అందులో భాగమే.

తర్వాత రాష్ట్రాలే ప్రపంచ బ్యాంకు దగ్గరికి పోవడం మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో ఆర్థిక పునర్వ్యవస్థీకరణకు, 1999లో విద్యుత్ సంస్కరణలకు అప్పు తెచ్చింది. విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు, 2000లో చార్జీలు పెంచారు. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆ పెంపు మీద నిరసనకు దిగినవాళ్లపై పోలీసు కాల్పులు జరిగాయి. బోరు మీద బతికే దక్షిణ తెలంగాణలో ఆ చార్జీల కోపం చాలాకాలం చల్లారలేదు. విచిత్రమేమంటే, అదే బ్యాంకు అప్పుతో అదే 2000లో ‘వెలుగు’ అనే పేదరిక నిర్మూలన పథకం మొదలైంది. తొలి ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పాలమూరు మహిళా సంఘాలు బలపడటంలో దానికి పాత్ర ఉంది. ప్రపంచ బ్యాంకును తిట్టేవాళ్లూ పొగిడేవాళ్లూ వీటిలో ఒకదాన్నే గుర్తుపెట్టుకుంటారు.

రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం రాష్ట్రం నేరుగా విదేశాల్లో అప్పు చేయడానికి లేదు, కేంద్రం ద్వారానే రావాలి. 2005 వరకు కేంద్రం ఆ డబ్బును రూపాయల్లో, 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా రాష్ట్రానికి ఇచ్చేది. మారకం రేటు నష్టం తానే మోసేది. కేంద్రం, రాష్ట్రాల మధ్య నిధుల పంపకాన్ని సూచించే 12వ ఆర్థిక సంఘం సిఫార్సుతో 2005 నుంచి పద్ధతి మారింది: ఏ కరెన్సీలో, ఏ షరతుల మీద వస్తే అలాగే రాష్ట్రానికి బదిలీ. రూపాయి పడితే నష్టం రాష్ట్రానిదే. సాగర్ కాలువల ఆధునికీకరణకు ప్రపంచ బ్యాంకు 2010లో మంజూరు చేసిన సుమారు 45 కోట్ల డాలర్లు ఈ కొత్త పద్ధతిలో వచ్చినవే. అప్పుడు డాలరు 46 రూపాయల దగ్గర ఉంది, 2025 మార్చి నాటికి 85కి చేరింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ అప్పును రెండు రాష్ట్రాలు పంచుకున్నాయి. బడ్జెట్ పుస్తకాల్లో వీటిని వెతికేవాళ్లు విదేశీ రుణాలని ప్రత్యేక పద్దు కోసం చూడొద్దు, ‘కేంద్రం నుంచి రుణాలు’ అన్న చోట చూడాలి.