ఎనిమిది వందలకు లోపే మిగిలిన మన దగ్గరి చుట్టం

2013 నవంబరులో, ఇండోనేషియాలోని ఉత్తర సుమత్రాలో ఒక పండ్లతోట దగ్గర మనుషుల చేతిలో తీవ్రంగా గాయపడిన మగ ఒరాంగుటాన్ (మనిషికి దగ్గరి చుట్టమైన, తోకలేని పెద్ద వానరం) ఒకటి దొరికింది. రాయా అని పిలిచారు దాన్ని. చికిత్స చేసినా కొద్ది రోజులకే చనిపోయింది. దాని పుర్రెను మరో 33 పుర్రెల పక్కన పెట్టి కొలిస్తే దేనితోనూ సరిపోలలేదు. ఇది వేరే జాతేమోనన్న అనుమానం 37 ఒరాంగుటాన్ల జన్యువులు చదివాక పూర్తిగా తీరింది. 2017లో శాస్త్రవేత్తలు దీన్ని తపానులి ఒరాంగుటాన్ అనే కొత్త జాతిగా ప్రకటించారు.

తల చిన్నది, జుట్టు ఉంగరాలు తిరిగి గుబురుగా ఉంటుంది. మగవాటికి చక్కటి మీసం, ఆడవాటికీ గడ్డం! ఇంకో విచిత్రం చూడండి. ఇదే సుమత్రా దీవిలో ఇంకా ఉత్తరాన ఉండే ఒరాంగుటాన్ల నుంచి వీటి వంశం దాదాపు 34 లక్షల ఏళ్ల కిందటే వేరుపడింది. సముద్రం అవతల బోర్నియోలో ఉన్నవాటి నుంచి విడిపోయి మాత్రం ఏడు లక్షల ఏళ్లు కూడా కాలేదు. సముద్రమట్టం తగ్గిన కాలాల్లో ఆ దీవులన్నీ ఒకే నేలగా ఉండేవి మరి.

ఇప్పుడు మిగిలినవి 800 లోపే. దాదాపు అన్నీ తోబా సరస్సుకు దక్షిణాన, బతాంగ్ తోరు కొండల్లోనే. సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్ల అడవి అది, హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపలి ప్రాంతంలో సగమంత. ఇవి కొండజాతి అనుకుంటే పొరపాటే. ఒకప్పుడు పల్లపు అడవుల్లోనూ తిరిగాయి. అక్కడ నరికివేత, వేట మిగలనివ్వలేదు కాబట్టే కొండల్లో కనిపిస్తున్నాయి.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది వీటి కాన్పుల లెక్క. తల్లి ఎనిమిది తొమ్మిదేళ్లకు ఒక్క పిల్లను కంటుంది, అన్నేళ్లూ దాన్ని వెంటే ఉంచుకుని ఏ పండు ఎప్పుడు పండుతుందో, రాత్రికి గూడు ఎలా అల్లుకోవాలో నేర్పుతుంది. అందుకే ఏటా నూటికి ఒకటికి మించి పెద్దవి చచ్చిపోతే చాలు, జాతి క్షీణించిపోతుందని అంచనా. తోటలో పండ్లు తిన్నాయని రైతుకు కోపం రావడం సహజమే. కానీ ఆ కోపానికి ఒక తల్లి బలైతే ఆ లోటు తీరడానికి తరం పడుతుంది.

పైగా అడవి ఇప్పటికే మూడు ముక్కలైంది. 510 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు, బంగారు గని, రోడ్లు ఆ ముక్కల మధ్య దారిని ఇంకా తెంచుతున్నాయి. ఆడపిల్లలు తల్లి దగ్గరే స్థిరపడతాయి, ఎదిగిన మగవే దూరం పోయి వేరే చోట జత కడతాయి. ఆ ప్రయాణం ఆగితే ప్రతి ముక్కలోనూ రక్తసంబంధీకులే మిగులుతారు. కొత్త చెట్లు నాటడం కన్నా ముందు, ఉన్న అడవి ముక్కలు కలిసే చోట్ల ఇక ఒక్క చెట్టూ కొట్టకుండా ఆపడం అవసరం.