ఒకే పోగు, ఎదురెదురు వెలుగులు

టెక్కలిలో పాతపట్నం బండి ఎక్కేవాళ్ళకు క్రాసింగ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నౌపడ–గుణుపూర్ సింగిల్ లైను. ఎదురుబండి ఉంటే ఒకటి స్టేషన్లో ఆగాల్సిందే. నెట్ పెట్టడానికి వచ్చిన కేబుల్ కుర్రాడు మా గోడలోంచి ఒక్క గాజుపోగే లాగినప్పుడు నాకు ఆ లైనే గుర్తొచ్చింది. సినిమా రావడానికీ ఇదే, మనం ఫోటో పంపడానికీ ఇదే. దారిలో గుద్దుకోవా?

గుద్దుకోవు. రాత్రి పూట రెండు టార్చిలైట్ల కిరణాలను ఒకదాన్ని ఒకటి దాటేలా వేసి చూడండి. ఏదీ వంగదు, ఏదీ ఆగదు. పోగు మధ్యలో వెలుగు నడిచే దారి వెడల్పు 9 మైక్రాన్లే అయినా, మన ఇళ్ళకు వాడే కొద్దిపాటి వెలుగుకు అక్కడా అదే వర్తిస్తుంది.

చిక్కంతా కొసల్లో ఉంది. మన ఇంట్లోని నెట్ బాక్సులో లేజర్ పంపేది సుమారు 2 మిల్లీవాట్లు అనుకుందాం. అవతలి నుంచి మనకు చేరేది ఒక్కోసారి 0.01 మిల్లీవాటే. ఇందులో గాజు తప్పు తక్కువ. శుద్ధమైన గాజైతే వెలుగు చాలా దూరం పోతుందని 1966లో చార్లెస్ కావ్ చెప్పాడు, 2009లో నోబెల్ అందుకున్నాడు. ఇప్పటి పోగులో కిలోమీటరుకు పది శాతం వెలుగు కూడా పోదు. అసలు కోత స్తంభం మీది స్ప్లిటర్‌ది. ఒక వెలుగును 32 ఇళ్ళకు పంచితే ఎంత మిగులుతుంది? పైగా గాజు, గాలి కలిసే చోట సుమారు 4 శాతం వెలుగు వెనక్కి మళ్ళుతుంది. మన 2 మిల్లీవాట్లలో 4 శాతమంటే 0.08. వినాల్సిన దానికి ఎనిమిది రెట్లు! పెళ్ళి మేళం పక్కన నిలబడి ఫోన్లో గుసగుసలు వినడమే.

అందుకే రంగులు వేరు చేశారు. ఇంటికి వచ్చే వెలుగు తరంగదైర్ఘ్యం 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి పోయేది 1310. రెండూ కంటికి కనపడవు కాబట్టి పోగు కొసలోకి తొంగిచూడకండి. బాక్సులోని ఫిల్టర్ ఒక రంగును పోనిచ్చి రెండోదాన్ని పక్కకు మళ్ళిస్తుంది. ఆకుపచ్చ కనెక్టర్ కొసను 8 డిగ్రీలు వాలుగా అరగదీసేదీ మళ్ళిన వెలుగు దారి తప్పాలనే. అందులో కొస వాలుగా లేని నీలం కనెక్టర్ దూర్చేవాణ్ణి నేనైతే ఆపేస్తాను.

ఇక 32 ఇళ్ళూ పైకి పంపేది ఒకే రంగులో. అక్కడ మాత్రం క్రాసింగ్ తప్పదు, వంతులే. గాజులో వెలుగు మైక్రోసెకనుకు 200 మీటర్లు పోతుంది. 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి మాట వెళ్ళి జవాబు రావడానికి 50 మైక్రోసెకన్లు. సెకనుకు సుమారు 124 కోట్ల బిట్లు పోయే లైనులో ఆ కాస్త వ్యవధికే 62 వేల బిట్లు. అందుకని నెట్ కంపెనీ కేంద్రంలోని యంత్రం ప్రతి ఇంటి దూరం ముందే కొలిచి, దగ్గరివాళ్ళను ఆ మేరకు ఆగమంటుంది. తన వంతు రానిదే ఏ బాక్సూ లేజర్ వెలిగించకూడదు.

మా వీధిలో ఒకటి వెలిగించింది. అందరికీ నెట్ పోయింది, లైను తెగితే బాక్సు మీద వెలిగే ఎర్రలైటు మాత్రం ఎవరికీ రాలేదు. "లైను తెగలేదు మాస్టారూ, ఎవరింటి బాక్సుకో పిచ్చెక్కింది" అన్నాడు కుర్రాడు. నిజమే, కిందికి వచ్చే వెలుగు బాగానే వస్తోంది. పైకి పోయేవన్నీ ఆ ఒక్క బాక్సు కేకలో మునిగిపోతున్నాయి. స్తంభం ఎక్కి పిన్నులు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. పదకొండోది పీకగానే వీధంతా నెట్ వచ్చింది. ఆ ఇంటికి నాలుగు రోజులుగా తాళం వేసి ఉంది.