ఈస్ట్ ముందు ఏ చక్కెరను తింటుంది?

పెద వాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవులైన మనవలకు, మనవరాండ్రకు తాతయ్య ఆశీస్సులు.

బ్రెడ్డు పిండిలో చెంచాడు పంచదార వేస్తే గబగబా పొంగుతున్నదనీ, నీళ్లకు బదులు పాలు పోసి కలిపినా ఆ పాలలోని తీపి వల్ల అదనంగా పొంగడం లేదనీ మీరు గమనించి రాసినందుకు చాలా సంతోషించాను. పిండిని పొంగించే సూక్ష్మజీవి అయిన ఈస్ట్‌కు తీపి అంతా ఒకటి కాదు. బేకరీలలో వాడే ఈస్ట్‌కు పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను కణంలోకి తీసుకునే ప్రోటీన్ గానీ, దానిని విరగగొట్టే ఎంజైము గానీ లేవు. అందుచేత పాల చక్కెర పిండిలో అలాగే మిగిలిపోతుంది. లాక్టోజ్‌ను తినగల ఈస్ట్ జాతులు వేరే ఉన్నాయి.

తినగలిగిన చక్కెరలలో కూడా దానికొక వరుస ఉంది. అన్నిటికన్నా ముందు గ్లూకోజ్. ఫ్రక్టోజ్ కూడా అదే ద్వారాల గుండా లోపలికి వెళ్తుంది గానీ, ఆ ద్వారాలు గ్లూకోజ్‌నే ఎక్కువగా పట్టుకుంటాయి కనుక, రెండూ సమానంగా ఉన్న ద్రవంలో ఫ్రక్టోజ్ వెనుకబడుతుంది. పంచదారను కణం బయటనే, గోడ దగ్గర ఉండే ఇన్వర్టేజ్ అనే ఎంజైము ఈ రెండు చక్కెరలుగా విడదీస్తుంది. అలా విడిపోయిన చక్కెరలో చాలా భాగం పక్క కణాలకే చేరుతుందంటే మీకు వింతగా ఉండవచ్చు.

ఈ వరుసను నిర్ణయించే మెదడేదీ ఈస్ట్‌కు లేదు. గ్లూకోజ్ పుష్కలంగా ఉన్నంతసేపూ మిగ్1 అనే ప్రోటీన్ కేంద్రకంలో కూర్చుని, మాల్టోజ్, గెలాక్టోజ్ వంటి ఇతర చక్కెరలకు కావలసిన జన్యువులను అణచి ఉంచుతుంది. గ్లూకోజ్ తగ్గగానే స్నఫ్1 అనే ఎంజైము మిగ్1కు ఫాస్ఫేటును తగిలించి బయటకు పంపిస్తుంది. గెలాక్టోజ్ విషయంలో ఇది కూడా చాలదు: గ్లూకోజ్ పోవాలి, గెలాక్టోజ్ ఎదురుగా ఉండాలి, అప్పుడే పని మొదలవుతుంది. అక్కరలేని ఎంజైములను తయారుచేయడానికి శక్తి ఖర్చవుతుంది గనుక ఈ పొదుపు ఎంతో విలువైనదని నా అభిప్రాయం. అయితే కొత్త ఎంజైములు తయారయ్యేవరకు కణం కాస్త ఆగవలసి వస్తుంది. జాక్ మొనో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1941 ప్రాంతంలో బాక్టీరియాకు రెండు చక్కెరలు కలిపి ఇచ్చినప్పుడు, వాటి పెరుగుదల మధ్యలో ఒక విరామం వచ్చి రెండు దశలుగా సాగడం చూశారు. గోధుమపిండిలో మొదటి చక్కెరలు అయిపోయి, పిండి పదార్థం విరగడం వల్ల వచ్చే మాల్టోజ్ వైపు ఈస్ట్ మళ్లేటప్పుడు పొంగు మందగించడం కూడా ఇటువంటిదే. ఈ ఆలస్యం తక్కువగా ఉండే రకాలనే బేకరీల కోసం ఏరి పెంచుతారు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది మరొకటి ఉంది. గ్లూకోజ్‌ను ఆల్కహాలుగా మారిస్తే ఒక్కో అణువుకు రెండు ఏటీపీలే (కణం తన పనులకు వాడుకునే శక్తిని మోసే అణువులు) లభిస్తాయి. గాలితో పూర్తిగా దహించుకుంటే దానికి ఎన్నో రెట్లు వస్తాయి. (ఈ ఏటీపీని 1929లో ఫిస్కే అనే శాస్త్రజ్ఞునితో కలిసి వెలికితీసినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారేనని మరచిపోకండి.) అయినా గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే, గాలి ఉన్నా సరే, ఈస్ట్ ఆల్కహాలునే చేస్తుంది. శ్వాసక్రియకు కావలసిన జన్యువులను కూడా గ్లూకోజే అణచివేయడం ఇందుకొక కారణం. చక్కెరను త్వరగా తన వశం చేసుకోవడం, ఆల్కహాలుతో తోటి సూక్ష్మజీవులను అడ్డుకోవడం దీనివల్ల కలిగే లాభాలని శాస్త్రజ్ఞులు భావిస్తారు.

చక్కెర అయిపోయి గాలి అందితే, ఈస్ట్ శ్వాసక్రియ యంత్రాంగాన్ని మళ్లీ సమకూర్చుకుని, తాను చేసిన ఆల్కహాలునే నెమ్మదిగా తినడం మొదలుపెడుతుంది. భీమిలి వైపు తాటిచెట్ల నుంచి గానీ, మన్యంలో జీలుగు చెట్ల నుంచి గానీ దించే కల్లులో దానికి ఆ అవకాశం అంతగా దొరకదు. చెట్టు నుంచి దిగేటప్పుడు అందులోని తీపి ముఖ్యంగా సుక్రోజే, అంటే మన పంచదారలోని చక్కెరే. ఈస్ట్ దానిని విడదీసి ఆల్కహాలు చేస్తూ ఉండగానే లాక్టిక్ బాక్టీరియా పులుపు తెస్తుంది, గాలి తగిలే పైభాగంలో అసిటిక్ బాక్టీరియా చేరి, మిగిలిన ఆల్కహాలును వెనిగరులోని ఆమ్లంగా మార్చివేస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య