ఏజెన్సీ ఆడపిల్లకి కంప్యూటర్ దాకా దారి ఎందుకింత ఆలస్యమైంది

రెండేళ్ళ కింద రాజమండ్రిలో పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ జరుగుతుంటే మారేడుమిల్లి అవతల నుంచి ఒక కొండరెడ్డి అమ్మాయి వాళ్ళ నాన్నతో వచ్చింది. కంప్యూటర్ డిప్లొమా కావాలంది, సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో వరసగా పెట్టుకుంది, మార్కులూ బాగానే ఉన్నాయి. నెట్ సెంటర్లో కూచుని నంబరు కొడితే ఓటీపీ అడిగింది, ఆ సిమ్ము ఉన్న ఫోనేమో ఊళ్ళో వాళ్ళ అన్న దగ్గరుంది, ఊళ్ళో సిగ్నల్ లేదు. "ఇప్పుడేం చెయ్యాలండీ" అని వాళ్ళ నాన్న నన్ను నాలుగుసార్లు అడిగాడు. ఆ రోజు పని అవ్వలేదు. ఎవరో బస్సు డ్రైవర్ ద్వారా కబురు పంపితే మర్నాడు వాళ్ళన్న సిగ్నల్ దొరికేదాకా నడిచొచ్చి ఆ ఆరంకెలూ ఫోన్లో చదివితే అప్పుడు ఆప్షన్లు పెట్టాం.

ఇది చూసినోళ్ళు "అక్కడోళ్ళకి అవగాహన లేదండి" అని తేల్చేస్తారు. ఆ పిల్లకి అవగాహన మనకన్నా ఎక్కువే ఉంది, లేనిది దారి. అదెందుకు లేదో చూడాలంటే చాలా వెనక్కెళ్ళాలి.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలవలొచ్చాయి, వరి పండింది, డెల్టాలో చేతిలో డబ్బు ఆడింది, ఆ డబ్బుతోనే రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, నర్సాపురం వైపు పిల్లలు చదువుల్లోకెళ్ళారు. అదే గోదారి, ఎగువన మాత్రం వేరే కథ. అసలు మనం రోజూ వాడే ఈ "ఏజెన్సీ" అన్న మాట ఎక్కడిదంటే, 1839 చట్టంతో గంజాం, విశాఖ కొండల్ని మామూలు పాలన నుంచి తీసేసి కలెక్టర్నే గవర్నర్ ఏజెంటుగా పెట్టారు, ఆ పద్ధతే తర్వాత గోదావరి కొండలకీ వచ్చింది. వేరుగా ఉంచడమైతే ఉంచారు గానీ కింద నుంచి వ్యాపారులు ఎక్కడం ఆగలేదు. కల్లు మీద చిగురుపన్ను, అప్పులు, కోర్టు కేసులు అన్నీ కలిసి 1879లో రంప తిరుగుబాటు దాకా పోయాయి. ఆ తర్వాతెప్పటికో భూమి చేతులు మారకుండా 1917 చట్టం, స్వతంత్రం వచ్చాక 1959 రెగ్యులేషన్, దాన్ని బిగించిన 1970 రెగ్యులేషన్ వచ్చాయి. అంటే వందేళ్ళ పాటు కొండమీద జనం ఉన్న భూమిని నిలబెట్టుకోడంలోనే ఉన్నారు, ఇంక ఆడపిల్ల చదువు గురించి ఎవరు అడుగుతారు.

ఇక్కడ నాకు ఎప్పుడూ గుర్తొచ్చే మనిషి అయ్యలసోమయాజుల లలిత గారు. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి, చంటిపిల్లని పెట్టుకుని మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి 1943లో పూర్తిచేసిన తెలుగావిడ, దేశంలోనే మొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరు. ఆవిడ పడ్డ కష్టం చిన్నది కాదు, అయితే వాళ్ళ నాన్నగారు అదే కాలేజీలో ప్రొఫెసర్. ఇంట్లో ఆ దారి తెలిసిన మనిషి ఒకడున్నాడు. ఏజెన్సీ పిల్లకి ఇవాళ్టికీ ఆ ఒక్క మనిషే లేడు.

స్వతంత్రం తర్వాత ఆశ్రమ పాఠశాలలు, డెబ్భైల్లో ఐటీడీఏలు, అంటే గిరిజనాభివృద్ధి సంస్థలు వచ్చాయి. మనవైపు రంపచోడవరం, అటు కోటరామచంద్రపురం. వీటివల్ల జరిగిన మేలు నిజంగా పెద్దది, తిండి, పడక, పుస్తకం ఒక చోట దొరికింది. భాష గొడవ మాత్రం చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. కొండరెడ్లది తెలుగే గానీ కోయ పిల్ల ఇంట్లో కోయ మాట్లాడి బళ్ళో ఒకటో క్లాసులోనే తెలుగు వాచకం ముందు కూచోవాలి. కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న క్లాసులు చెప్పడం మొదలెట్టింది 2004లో. ఆ పిల్లే ఇంజనీరింగ్‌కి వస్తే మళ్ళీ ఇంగ్లీషు, అంటే మూడో భాషలో ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద ఎస్టీ ఆడవాళ్ళ అక్షరాస్యత సగం కూడా లేదు, 49 శాతం చిల్లర, అందరు ఆడవాళ్ళనీ కలిపి చూస్తే 65 దగ్గరుంది.

ఇంతకన్నా ముఖ్యమైంది, జనం పెద్దగా మాట్లాడంది ఒకటుంది. చదివిన ఏజెన్సీ ఆడపిల్లకి కళ్ళముందు కనిపించే కొలువులు రెండే, టీచరు లేదా నర్సు. 1986 జీవో 275తో మొదలై, అది కోర్టుల్లో పడిపోయాక 2000 జనవరి 10న వచ్చిన జీవో 3, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే ఏజెన్సీలో, టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అంది, అందులో మూడో వంతు ఆడవాళ్ళకి. దాంతో డీఈడీ, బీఈడీ అంటే ఇంటిల్లిపాదికీ ధైర్యం. పదో క్లాసు అవ్వగానే దానికి తగ్గ గ్రూపే తీసుకునేవాళ్ళు, నర్సింగ్ అనుకున్నవాళ్ళు బైపీసీ, లెక్కల వైపు వెళ్ళేది ఏ ఒకరిద్దరో. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాల జోలికి పోలేదు గానీ రాబోయేవాళ్ళకి ఆ ధైర్యం పోయింది. తీర్పు వచ్చింది సరిగ్గా లాక్‌డౌన్లో, బళ్ళు మూసేసి ఆన్‌లైన్ క్లాసులంటున్న టైంలో, సిగ్నల్ కోసం పిల్లలు గుట్టలెక్కుతున్న రోజుల్లో. ఒక దారి మూసుకుపోయింది, రెండోదానికి టవరే లేదు.

ఆ రెండో దారిలో డెల్టా అప్పటికే ఎంత దూరం పోయిందో చూడండి. తొంభైల నుంచి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టుకొచ్చి ఉమ్మడి రాష్ట్రంలో ఏడొందలు దాటాయి, మన ఊళ్ళలో ప్రతి వీధికీ ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఉంది, ఆవిడ్ని చూసి పక్కింటి పిల్ల చదివింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏజెన్సీ పిల్లలకీ వర్తించింది, ఎస్టీ కోటా ఆరు శాతం ఎప్పటినుంచో ఉంది, అయినా ఎంపీసీ చదివినవాళ్ళే తక్కువైనప్పుడు సీటు కాగితం మీదే ఉంటుంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పటి విలీనంతో కూనవరం, చింతూరు, వీఆర్ పురం మండలాలు అప్పటి మన తూర్పుగోదావరి జిల్లాలో కలిశాయి, వాళ్ళు కాలేజీకీ ఆస్పత్రికీ వెళ్ళే భద్రాచలం ఊరేమో తెలంగాణలో ఉండిపోయింది. దానికి తోడు పోలవరం ముంపు, లక్షకి పైనే కుటుంబాలు, అందులో ఆదివాసీలే ఎక్కువ. ఇల్లు ఎప్పుడు ఖాళీ చెయ్యాలో తెలియని ఇంట్లో పిల్ల జేఈఈకి చదవడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఈ మధ్య కదలిక ఉంది. ఐఐటీల్లో 2018 నుంచి అమ్మాయిలకి అదనపు సీట్లు పెట్టారు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా చదివే ఆడపిల్లల్ని సైన్సు వైపు తిప్పడానికి 2019లో విజ్ఞాన్ జ్యోతి వచ్చింది, కేంద్ర గిరిజన శాఖ ఫేస్‌బుక్‌తో కలిసి 2020 మేలో గోల్ అని ఐదువేల మంది గిరిజన యువతకి ఆన్‌లైన్ మెంటర్లని ఇచ్చే పని పెట్టుకుంది, సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకి 4జీ ఇవ్వడానికి కేంద్రం 2022 జులైలో 26,316 కోట్లు ఒప్పుకుంది. ఇవన్నీ కావాల్సినవే, కాదనను. నాకు మాత్రం వీటన్నిటికన్నా ముందు ఏజెన్సీ జూనియర్ కాలేజీలో సంవత్సరమంతా నిలబడి ఉండే ఒక లెక్కల లెక్చరర్ కావాలనిపిస్తుంది, ట్యాబ్‌లు ఆ తర్వాత. కింద పట్నానికి వచ్చిన పిల్లకి హాస్టల్లో మొదటి సెమిస్టర్ దాటేదాకా చెయ్యి పట్టుకునే అక్క ఒకరు కావాలి, ఎందుకంటే నేను చూసినవాళ్ళలో మధ్యలో వెళ్ళిపోయినోళ్ళంతా ఆ ఆర్నెల్లలోనే వెళ్ళిపోయారు.

ఆ కొండరెడ్డి అమ్మాయి ఉండిపోయింది. మొన్న కౌన్సెలింగ్‌కి ఊరి నుంచి ఇద్దరు పిల్లల్ని తనే వెంటబెట్టుకుని వచ్చింది, ఒకామెకి కంప్యూటర్సు, ఇంకొకామెకి ఎలక్ట్రానిక్స్ కావాలట. నెట్ సెంటర్లో నంబరు అడిగితే తన ఫోన్ నంబరే చెప్పి, ఫోన్ టేబుల్ మీద పెట్టుకుని కూచుంది.