ముందు కడగడం, తర్వాతే నింపడం

అమెరికా తూర్పు భాగంలోనూ, దాన్ని ఆనుకున్న కెనడాలోనూ చెట్ల నీడన పారే చిన్న వాగుల దగ్గర వేసవిలో ఎబొనీ జువెల్‌వింగ్ కనిపిస్తుంది. తూనీగకు దగ్గరి చుట్టమైన డామ్‌సెల్‌ఫ్లై ఇది. శాస్త్రీయ నామం కాలోప్టెరిక్స్ మాక్యులేటా. మగదానికి నల్లటి రెక్కలు, ఎండకు పచ్చగానో నీలంగానో మెరిసే ఒళ్ళు. ఆడదాని రెక్కల కొసన తెల్లచుక్క ఉంటుంది. ఇలాంటి పురుగులు అబద్ధాలాడే పిల్లల నోళ్ళు కుట్టేస్తాయని అక్కడ పూర్వం భయపెట్టేవాళ్ళు. కుట్టడానికి వీటికి అసలు కొండే లేదు!

నన్ను వదలనిది మాత్రం దీని పురుషాంగం. మన ఇంటర్ జువాలజీలో బొద్దింక పటం గీయించి సరిపెడతారు గానీ, అసలు మజా ఇక్కడుంది. మగదాని వీర్యం బయటికొచ్చేది పొట్ట చివరి తొమ్మిదో ఖండం నుంచి. జతకట్టే అంగమేమో ముందువైపు, రెండు, మూడు ఖండాల అడుగున ఉంటుంది. అందుకే పొట్ట కొసనున్న కొక్కేలతో ఆడదాన్ని మెడ వెనక పట్టుకున్నాక, పొట్ట వంచి, తన వీర్యాన్ని తానే అక్కడికి చేర్చుకుంటుంది. తర్వాత ఆడది పొట్ట వంచి ఆ భాగాన్ని అందుకుంటుంది.

అయితే వీర్యం వెంటనే లోపలికి పోదు. ఆ అంగానికి రెండు కొమ్ములు, వాటి మీద వెనక్కి తిరిగిన ముళ్ళు ఉంటాయి. సీసా కడిగే బ్రష్‌లా అవి ఆడదాని లోపలి సంచుల్లోకి దూరి, ఇంతకుముందు జతకట్టిన మగవాటి వీర్యాన్ని తోడేస్తాయి. జొనాథన్ వాగీ అనే జీవశాస్త్రవేత్త 1979లో ఈ సంగతి బయటపెట్టాడు. ఆయన లెక్కలో 88 నుంచి 100 శాతం దాకా పాత వీర్యం పోతుంది. ఆ తర్వాతే తన వీర్యం నింపుతుంది.

దీని ఫలితం చూడండి: దాదాపు గుడ్లన్నిటికీ తండ్రయ్యేది చివరగా జతకట్టిన మగదే. మరి తనను కూడా ఇంకొకటి వచ్చి కడిగేస్తే? ఆ టెన్షన్‌తోనే, ఆడది వాగులోని మొక్కల కాడల్లో గుడ్లు పెడుతున్నంతసేపూ మగది పక్కనే కాపలా ఉండి, వచ్చినవాటిని తరిమేస్తుంది. పక్కనే గుడ్లు పెట్టే, తనతో జతకట్టని ఆడవాటికి కూడా అది కాపలా కాస్తుందని వాగీయే గమనించాడు. వాటికి ఆ రక్షణ ఉచితం.